అభిషేకం ఉంటే అక్షరం అక్కర్లేదా?

డిగ్రీ పాసైన కుర్రాడెవరైనా బీడీలో (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చేరతాను, గ్రీకు, హెబ్రీ నేర్చుకుంటాను అన్నాడనుకోండి. మన సంఘాల్లో వినపడే మాటలు దాదాపు ఒకటే రకం. ‘పేతురు ఏ కాలేజీలో చదివాడు బాబూ?’ ‘ఆత్మ నడిపింపు ఉంటే చాలదా?’ ‘తెలుగు బైబిలు చేతిలో ఉండగా ఆ పాత భాషలతో పనేముంది?’ ‘సెమినరీకి పోయినవాళ్ళు ఉన్న విశ్వాసం కాస్తా పోగొట్టుకుని వస్తారు.’ ఈ మాటలు ఏ అరుగు మీదో కబుర్లుగా దొర్లితే పట్టించుకోనక్కర్లేదు. వేలమంది కూర్చున్న కూటాల్లో, చదువు లేకపోవడాన్నే భక్తికి గుర్తుగా చూపిస్తూ, దైవజనులనిపించుకున్నవారే మైకులో అంటున్నారు. వారిలో కొందరికి ఫ్లెక్సీల మీద పేరుకు ముందు ‘డాక్టర్’ అని కూడా ఉంటుంది. చదువుతో పనిలేదన్నవారికి ఆ బిరుదుతో ఏం పని పడిందో వారే చెప్పాలి.

పేతురు సంగతి ముందు చూద్దాం. పేతురు, యోహానులు విద్య లేనివారని యెరూషలేము పెద్దలు అనుకున్నట్టు అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో ఉన్నది నిజమే. అది వారిని నిలబెట్టి విచారిస్తున్న సభవారి అంచనా అన్న సంగతి మన బోధకులు చెప్పరు. అదలా ఉంచండి. పేతురుకు అరమాయిక్ తల్లి భాష. ప్రతి విశ్రాంతి దినాన సమాజమందిరంలో లేఖనాలు హెబ్రీలో చదువుతుంటే విన్నవాడు. అతను చేపలు పట్టిన గలిలయ సముద్రానికి ఆవలి ఒడ్డున దెకపొలి పట్టణాల్లో గ్రీకు నడిచేది. మనం కాలేజీలో కూర్చుని నేర్వవలసినది అతనికి పుట్టిన ఊళ్ళోనే దొరికింది. అతనికి కాలేజీ అక్కర్లేదు. చీరాలలోనో ఖమ్మంలోనో పుట్టి, 2000 ఏళ్ళ తర్వాత, వేరే భాషలో అతని మాటలు చదువుతున్న మనకు అదే సూత్రం ఎలా వర్తిస్తుంది?

పేతురును పదేపదే పిలిచే ఈ బోధకులు ప్రసంగానికి వాక్యం తీసేది మాత్రం ఎక్కువగా పౌలు పత్రికల నుంచే. ఆ పౌలు గమలీయేలు పాదాల దగ్గర చదువుకున్నవాడు. ఏథెన్సులో నిలబడి గ్రీకు కవుల మాటలు ఉదహరించి మాట్లాడినవాడు. చదువు ఆత్మకు అడ్డమైతే కొత్త నిబంధనలో సగం పుస్తకాలను మనం పక్కన పెట్టవలసి వస్తుంది.

ఆత్మ నడిపింపును నేను తక్కువ చేయడం లేదు. అది విశ్వాసి అనుభవం. కాదనడానికి నేనెవరిని? అయితే ఆత్మ బోధిస్తాడు గనుక భాష నేర్వనక్కర్లేదన్న పెద్దమనిషి కూడా చిన్నప్పుడు పలక పట్టుకుని ఓనమాలు దిద్దినవాడే. ఆ రోజున ఆత్మ ఆయన్ని బడికి పోవద్దనలేదు. తెలుగు అక్షరాలు నేర్పడానికి బడి పంతులు పనికొచ్చి, హెబ్రీ అక్షరాలు నేర్పడానికి మాత్రం పంతులు దేవుడికి అడ్డొస్తాడా?

ఇక ‘తెలుగు బైబిలు చాలు’ అన్న మాట. అన్నిటిలోకీ వినయంగా వినిపించే మాట ఇదే. అసలు కృతఘ్నత కూడా ఇందులోనే ఉంది. ఆ తెలుగు బైబిలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ 1727లో కొత్త నిబంధననూ, 1732లో పాత నిబంధననూ తెలుగులోకి తెచ్చాడు. ఆ రాతప్రతి అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్ వారు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్‌లు ఆనందరాయరు అనే పండితుడి సాయంతో సువార్తలు అనువదించారు. వాటిలో మూడు 1812లో బెంగాల్ ప్రాంతంలోని సేరంపూర్‌లో అచ్చయ్యాయి. అదే ఏడాది మార్చిలో సేరంపూర్ అచ్చుకూటం తగలబడింది. అక్కడి మిషనరీ విలియం కేరీ రాసుకున్న తెలుగు వ్యాకరణం రాతప్రతి ఆ మంటల్లో పోయింది. ఆయన మళ్ళీ కూర్చుని రాశాడు; 1814లో అది పుస్తకంగా వచ్చింది. తెలుగులో పూర్తి బైబిలు చేతికందింది 1854 నాటికి. షుల్జ్ రాతప్రతి నుంచి లెక్కేస్తే నూటపాతికేళ్ళ పని. ఒక చేత్తో మూలభాషలూ ఇంకో చేత్తో తెలుగూ పట్టుకుని కూర్చున్నవారు ఉండబట్టే ఆ పని అయింది. ఆ పుస్తకాన్ని గుండెలకు హత్తుకుని, దాన్ని పుట్టించిన చదువును మాత్రం వ్యర్థమంటున్నాం.

పని అక్కడితో అయిపోయిందనుకోవడం మరో పొరపాటు. గ్రీకులో లేని తేడాలు కొన్ని తెలుగులో తప్పనిసరి. మనకు ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. గ్రీకుకు ఆ తేడా తెలియదు. మార్కు 4వ అధ్యాయంలో తుపానుకు పడవ మునిగిపోతుంటే శిష్యులు యేసును నిద్రలేపి చావు మీదికొచ్చిందని మొరపెట్టుకున్నారు. చచ్చిపోతున్నది ‘మేము’ అన్నారా, ‘మనము’ అన్నారా? ‘మేము’ అంటే ఆయన మునగడని వారికి ఏదో ఒక మూల నమ్మకం ఉన్నట్టు. ‘మనము’ అంటే ఆయన్ని కూడా తమతోపాటు మునిగేవాడిగానే లెక్కపెట్టినట్టు. శిష్యుల విశ్వాసం ఎంతో తేల్చే మాట అది. మూలంలో తేలని ఆ సంగతిని తెలుగు అనువాదకుడు ఏదో ఒకవైపు తేల్చక తప్పదు. ఇంగ్లీషు అనువాదకుడికి ఈ బాధ లేదు. పౌలు పత్రికల్లో ఇలాంటి చోట్లు లెక్కలేనన్ని. ‘మనము’ అని పౌలు యూదులను మాత్రమే కలుపుకుంటున్నాడా, అన్యజనులను కూడానా, లేక తనతో తిరిగే సువార్తికుల మాటేనా అన్నదాని మీద వేదాంతం ఒక మెట్టు అటో ఇటో జరుగుతుంది.

మర్యాద సంగతీ అంతే. గ్రీకులో ‘నీవు’, ‘మీరు’ అన్న గౌరవ భేదం లేదు. ‘అతడు’, ‘ఆయన’ అన్న తేడా లేదు. యేసు గురించి పరిసయ్యులు మాట్లాడినప్పుడు ఏ సర్వనామం వాడాలి? పిలాతు మాట్లాడినప్పుడు? మగ్దలేనే మరియ తోటమాలి అనుకుని పలకరించినప్పుడు? ప్రతిచోటా అనువాదకుడు ఒక తీర్పు చెబుతున్నాడు. అన్నదమ్ముల మాటలోనూ గ్రీకుకు అన్న, తమ్ముడు అన్న పట్టింపు లేదు. పేతురు, అంద్రెయల్లో ఎవరు పెద్ద అన్నది మూలం చెప్పదు. మన అనువాదకులు ‘సహోదరుడు’ అని తెలివిగా తప్పుకున్నారు. తెలుగింట్లో ఎవరూ తన అన్నను ‘సహోదరుడు’ అని పిలవరు. ఆ మాట బైబిల్లో అంత విరివిగా ఎందుకు పడిందో తెలిస్తే చదివేవాడికి అనువాదం మీద గౌరవం పెరుగుతుంది. దాని హద్దులూ తెలుస్తాయి.

ఈ తీర్పులు తప్పని నేననడం లేదు. చాలా చోట్ల అద్భుతంగా ఉన్నాయి. కానీ తీర్పు చెప్పినవాడికి మూలం తెలుసు, తీర్పు పాటించేవాడికి తెలియదు. ఇప్పుడు తెలుగులో ఒకటికి నాలుగు అనువాదాలున్నాయి. బైబిల్ సొసైటీ వారి పాతది, వాడుక భాషలో వచ్చినవి, కతోలికుల పవిత్ర గ్రంథం. ఒకే వచనం రెంటిలో రెండు రకాలుగా ఉంటే ఆదివారం సంఘంలో ఎవరు తేలుస్తారు? ఎవరి గొంతు పెద్దదైతే వారు తేలుస్తున్నారు.

‘యాప్ ఉందిగా’ అంటారు కొత్త తరం వారు. ఫోనులో మాట మీద వేలు పెడితే గ్రీకు పదం, అంకె, అర్థం వస్తాయి. జేమ్స్ స్ట్రాంగ్ 1890లో ఇంగ్లీషు బైబిలు కోసం వేసిన అంకెలే ఇప్పటికీ ఆ తెరల మీద తిరుగుతున్నాయి. ఆ పుస్తకం గొప్పదే. పదకోశం భాష కాదన్నదే తగాదా. వ్యాకరణం తెలియకుండా మాటకు అర్థం వెతికేవాడు శబ్దరత్నాకరం చేతపట్టుకుని తిక్కన పద్యానికి టీక రాస్తానన్నవాడి లాంటివాడు. క్రియ ఏ కాలంలో ఉందో, కర్త ఎవరో, ఏ విభక్తి ఏ మాటకు తగులుతుందో అంకె చెప్పదు.

అరకొర జ్ఞానం ఎక్కడికి తీసుకెళ్తుందో చూడాలంటే మన ప్రసంగాలు వింటే చాలు. శక్తి అన్న మాటకు గ్రీకులో ‘డునామిస్’ అని ఉంది, అంటే డైనమైటు, కాబట్టి ఆత్మ వచ్చినప్పుడు బండలు పగిలినట్టు పేలుతుంది అంటారు. వినడానికి బాగుంటుంది. ఆల్ఫ్రెడ్ నోబెల్ డైనమైటుకు పేటెంటు తీసుకున్నది 1867లో. లూకాకు మందుగుండు ఊసే తెలియదు. మరో ప్రసిద్ధ బోధ ‘అగాపే’ గురించి. అది దేవుని ప్రేమకు మాత్రమే చెల్లే మాట అంటారు. పాత నిబంధన గ్రీకు అనువాదంలో రెండవ సమూయేలు 13వ అధ్యాయం తెరిచి చూడండి. అమ్నోను తన చెల్లెలు తామారును చెరచిన కథ అది. అక్కడ అతని కోరికకు వాడినదీ ఆ మాటే. తిమోతికి రాసిన రెండవ పత్రికలో దేమా ఇహలోకాన్ని ప్రేమించి పౌలును విడిచిపోయాడన్నచోట ఉన్నదీ ఆ మాట క్రియారూపమే. ఇవి పెద్ద పరిశోధనలు కావు. గ్రీకు క్లాసులో రెండో ఏడు కూర్చున్న విద్యార్థికి తెలిసేవి. మూలభాషలు అక్కర్లేదన్న నోటితోనే ‘గ్రీకులో దీని అర్థమేమిటంటే’ అని మొదలుపెట్టడం మన ప్రసంగ పీఠాలకు అలవాటైపోయింది. అడిగేవాడు లేడన్న ధైర్యం.

విశ్వాసం పోతుందన్న భయం మాత్రం ఉత్తది కాదు. మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు నాలుగో శతాబ్దపు సినాయి, వాటికన్ ప్రతుల్లో లేవని మొదటిసారి విన్న విద్యార్థి కంగారుపడతాడు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ పాత ప్రతుల్లో లేదంటే ఇంకా కంగారు. ఈ సంగతులు దాచిపెడితే దాగుతాయా? ఇంటర్ చదివే పిల్లవాడి ఫోనులోకి యూట్యూబు ద్వారా ఇవన్నీ వచ్చేస్తున్నాయి, అది కూడా ఎగతాళిగా. ఆ పిల్లవాడు పరిగెత్తుకుని అయ్యగారి దగ్గరికి వస్తే, జవాబు తెలియని అయ్యగారు ‘సాతాను ప్రశ్న’ అని గద్దిస్తారు. విశ్వాసం పోయేది అక్కడ. ఇదే సంగతి క్లాసులో, ప్రతులు ముందు పెట్టి, ఎందుకు తేడా వచ్చిందో, దేనికి ఎంత బరువు ఇవ్వాలో చెప్పే గురువు దగ్గర విన్నవాడు నిలబడగలడు.

అందరూ నిలబడతారని నేను హామీ ఇవ్వలేను. ప్రిన్స్‌టన్‌లో బ్రూస్ మెట్జ్‌గర్ గొప్ప ప్రతుల పండితుడు, చివరిదాకా ప్రెస్బిటేరియన్ సంఘ పాదిరిగానే ఉన్నాడు. ఆయన దగ్గర చదివిన బార్ట్ ఎర్మన్ విశ్వాసం వదిలేశాడు. గురువూ శిష్యుడూ చూసినవి అవే ప్రతులు. తన విశ్వాసాన్ని చివరికి కూల్చింది ప్రతుల తేడాలు కావు, లోకంలోని బాధ అని ఎర్మన్ తానే రాసుకున్నాడు. బాధ గురించి మన ఊళ్ళలో ఏ హెబ్రీ పాఠమూ లేకుండానే అందరికీ తెలుసు. కాబట్టి నేరం వ్యాకరణం మీద మోపకండి.

సంఘం బయటి నుంచి వచ్చే విమర్శ ఇంకోటి ఉంది. విశ్వవిద్యాలయంలో మతమేమిటి, ఇది మత ప్రచారానికి డిగ్రీ ఇవ్వడం కాదా అని. దీనికి ఎక్కువ జవాబు అక్కర్లేదు. తిరుపతిలో సంస్కృత విశ్వవిద్యాలయంలో ఆగమం, మీమాంస చదివి పట్టా పుచ్చుకుంటే మనం తప్పుపట్టం, తప్పుపట్టకూడదు కూడా. బీడీ పట్టాలిచ్చే సేరంపూర్ కళాశాల 1818లో పుట్టింది. ఆ ఊరు అప్పుడు డేనిష్ వారిది. పట్టాలిచ్చే అధికారం 1827లో డెన్మార్క్ రాజు శాసనం ద్వారా వచ్చింది, 1918లో బెంగాల్ శాసనసభ చట్టం దాన్ని బలపరిచింది. పరీక్ష పెట్టి, దిద్ది, తప్పితే తప్పించే చోట ఒక గ్రంథాన్ని చదవడం ప్రచారం కంటే కఠినమైన పని.

అసలు నన్ను మండించేది వేరే ఉంది. సంస్కృతం రాని మీమాంస పండితుణ్ణి మనం ఊహించలేం. అరబ్బీ రాని ఆలిమ్‌ను ముస్లిములు ఒప్పుకోరు. హైదరాబాదు పాతబస్తీలో ఎనిమిదేళ్ళ పిల్ల కూడా ఖురాను అక్షరాలు దిద్దుతుంది. ఒక్క తెలుగు క్రైస్తవ సంఘంలోనే మూలం రాకపోవడం గొప్పగా చెప్పుకునే గుణం అయింది. ఆ సంఘం ఎవరిది? తెలుగు క్రైస్తవుల్లో అత్యధికులు మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చినవారు. వేదం విన్న శూద్రుడి చెవిలో కరిగిన లోహం, లక్క పోయాలని గౌతమ ధర్మసూత్రం రాసిపెట్టిన దేశం ఇది. శూద్రుడికే ఆ శిక్ష అయితే అతనికి అవతల ఊరి బయట ఉంచినవారి సంగతి చెప్పనక్కర్లేదు. అలాంటి దేశంలో, ఏ కులమూ, ఏ రంగూ, ఏ దేశమూ ప్రవేశానికి అడ్డు కారాదని 1833లోనే సేరంపూర్ కళాశాల తన నిబంధనల్లో రాసుకుంది. 1870లలో రామాయపట్నంలో బాప్తిస్టులు సెమినరీ పెట్టినప్పుడు అందులోకి వచ్చినవారు ఎక్కువగా ఒంగోలు చుట్టుపక్కల మాదిగ పల్లెల వారు. రామాయపట్నం, లూథర్‌గిరి వంటి సెమినరీలు కలిసి 1964లో రాజమండ్రిలో ఆంధ్రా క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజీగా ఏర్పడ్డాయి; అది తర్వాత హైదరాబాదు చేరింది.

అంటే, తాత ముత్తాతలకు పవిత్ర గ్రంథం గాలి కూడా సోకనివ్వని చోట, మనవడు తన పవిత్ర గ్రంథాన్ని మూలభాషలో తెరిచి, ఏ మధ్యవర్తీ లేకుండా, ‘ఇక్కడ ఇలా ఉంది’ అని చెప్పగల స్థితి ఈ నేల మీద వచ్చింది. ఆ తలుపు తెరుచుకుని నూటయాభై ఏళ్ళయిందో లేదో, మన మనుషులే గుమ్మంలో నిలబడి ‘లోపలికి పోవద్దు, మేం చెబుతాం వినండి’ అంటున్నారు. అప్పుడు అడ్డుకున్నవాడికి శాస్త్రం తోడుంది, ఇప్పుడు అడ్డుకుంటున్నవాడు అభిషేకం పేరు చెబుతున్నాడు. పల్లెలో కూలికిపోయే విశ్వాసి తన కానుకతో పోషించే బోధకుడు ఏం చెప్పినా అడిగే దారి లేకుండా చేయడం ఎవరికి లాభం? విశ్వాసికి కాదు.

ఇవి విదేశీ భాషలు, వలసపాలకుల చదువు అనేవారికి భూపటం చూపించాలి. హెబ్రీ, అరమాయిక్ ఆసియా భాషలు. అరమాయిక్ మాండలికమైన సురియానీలో మలబారు క్రైస్తవులు యూరపు ఓడలు రాకముందు నుంచే ఆరాధించారు. దానియేలు గ్రంథంలో సగం, ఎజ్రాలో కొంత అరమాయిక్‌లోనే ఉన్నాయి. పడమటి చదువంటే మన ప్రసంగీకులు అమెరికా టీవీ బోధకుల నుంచి ఎత్తి తెచ్చుకుంటున్న ప్రసంగాలే.

కష్టమన్న మాటా వినిపిస్తుంది. హెబ్రీకి 22 అక్షరాలు, గ్రీకుకు 24. యాభై ఆరు అక్షరాలు, గుణింతాలు, వత్తులు దాటివచ్చిన తెలుగు పిల్లకు ఇది భయపడే సంగతా? కొత్త నిబంధనలో మొత్తం సుమారు 5,400 వేరువేరు మాటలున్నాయి. వాటిలో యాభై సార్లో అంతకంటే ఎక్కువో వచ్చేవి మూడు వందల చిల్లర. ఆ మూడు వందలు వస్తే పుస్తకంలో దాదాపు 80 శాతం మాటలు తెలిసినట్టే. విభక్తులున్న భాష మాట్లాడే మనకు గ్రీకు విభక్తులు ఇంగ్లీషువాడికి ఉన్నంత వింత కావు. మాటల వరస ఇష్టంగా మార్చుకోవడం మనకూ అలవాటే.

సెమినరీలను వెనకేసుకొచ్చి ఊరుకుంటే ఈ వాదన సగమే. చాలా చోట్ల ఈ భాషలు నేర్పే తీరు దండగ. క్రియారూపాల పట్టికలు బట్టీపట్టి, పరీక్షలో రాసి, పట్టా చేతికొచ్చిన నెలకే మరిచిపోతున్నారు. పాఠం ఇంగ్లీషులో, పాఠ్యపుస్తకం ఇంగ్లీషులో. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పల్లె విద్యార్థి గ్రీకు నేర్చేముందు ఇంగ్లీషు నేర్చుకోలేక ఆగిపోతున్నాడు. ‘మేము’, ‘మనము’ తేడాతో మొదలుపెట్టి గ్రీకు చెప్పే పుస్తకం వాళ్ళ చేతికి ఎవరిచ్చారు? చదువయ్యాక పాస్టరు జీతం ఎంతో అందరికీ తెలుసు. ఆడపిల్లలు చదివినా పీఠం ఎక్కనివ్వని సంఘాలు ఇంకా ఉన్నాయి. ఈ లోపాలన్నీ చదువును బాగుచేయడానికి కారణాలు. మానేయడానికి సాకులుగా చూపిస్తే ఒప్పుకోను.

మార్టిన్ లూథరు 1524లో జర్మనీ పట్టణ పెద్దలకు ఉత్తరం రాస్తూ, బడులు పెట్టండి, గ్రీకు, హెబ్రీ నేర్పించండి, ఆ భాషలు లేకుండా సువార్తను నిలుపుకోలేరు అని పట్టుబట్టాడు. 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ హేయరు ఆ లూథరు సంఘం వాడే. ఆ పేరు పెట్టుకున్న సంఘాలు గోదావరి నుంచి నెల్లూరు దాకా ఉన్నాయి. ఆ ఉత్తరం ఇప్పుడు వాటికీ, మిగతా సంఘాలన్నిటికీ చేరాలి. సంఘ పెద్దలారా, ఈ ఏటి కన్వెన్షన్‌కు పందిరి, మైకు సెట్లు, ఫ్లెక్సీల లెక్క వేసుకునేటప్పుడు మీ పల్లె నుంచి ఒక అమ్మాయినో అబ్బాయినో బీడీకి పంపే ఖర్చు కూడా అందులో వేయండి. గ్రీకు, హెబ్రీ వ్యాకరణాలు తెలుగులో రాయించమని మీ సినడును అడగండి. వచ్చే ఆదివారం ఎవరైనా ‘గ్రీకులో దీని అర్థం’ అని మొదలుపెడితే, కూటం అయ్యాక దగ్గరికెళ్ళి, ఆ మాట ఏ వచనంలో ఏ రూపంలో ఉందో చూపించమని మర్యాదగా అడగండి.